ఇద్దరికీ ఒకే నిద్ర

ఆ మధ్యాహ్నం కంప్యూటర్ లేవలేదు.

సువార్త స్విచ్ వేసింది. పెద్ద ఫ్లాపీ డిస్కును అరలోకి తోసి మీట కిందికి దించింది. నల్లటి తెర మీద పచ్చటి అక్షరాల కోసం ఎప్పటిలాగే చేతులు కట్టుకుని నిలబడింది. అక్షరాలు రాలేదు. అరలోంచి ఎండుకొబ్బరి కోరుతున్నట్టు గరగరమని చప్పుడు వచ్చి ఆగింది. మళ్లీ గరగర. చివరికి డిస్కు చదవలేకపోతున్నానని, ఇంకొకటి పెట్టమని తెర మీద ఒక వాక్యం కనిపించింది.

ఇంకొకటి పెట్టింది. అదీ అంతే. బీరువాలో మిగిలిన ఆఖరిదాన్ని తీసి కిటికీ దగ్గర వెలుతురులో తిప్పి చూసింది. నల్లటి కవరు సందులోంచి లోపలి పలక మీద తెల్లటి బూజు కనిపించింది. కాకినాడ ఉప్పుగాలికి కిటికీ ఊచలే నిలవవు, ఈ పల్చటి పలకలు ఇన్నాళ్లు ఆగడమే గొప్ప.

ఆమె వెనక రెండు మంచాలున్నాయి. ఒకదాని మీద గోవిందు పడుకుని ఉన్నాడు. కణతలకు తీగలు అంటించగానే కళ్లు మూతలు పడిపోవడం ఆయనకు అలవాటు. పక్క మంచం మీద ఆయన భార్య నూకరత్నం కళ్లు తెరుచుకుని పైకప్పు వైపు చూస్తోంది. ఆమె తలకూ అవే తీగలు.

"ఏంటమ్మా, లేవట్లేదా?" అని అడిగింది నూకరత్నం.

"కాస్త ఆగక్కా. చూస్తున్నాను."

"చూడమ్మా. నాకేం తొందర. నేనెలాగూ మేలుకునే ఉంటాను గదా."

ఆమె నవ్వించడానికే అంది. సువార్తకు నవ్వు రాలేదు.

తొమ్మిదేళ్ల కిందట నూకరత్నానికి ఒక జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ పోతూ పోతూ నిద్రను పట్టుకుపోయింది. మందులు వేస్తే మత్తు వచ్చేది, ఒళ్లు తూలేది, నిద్ర మాత్రం వచ్చేది కాదు. మూడో నెలకు అన్నం ఎలా తినాలో మరిచిపోయింది. అప్పుడు ఎవరో చెబితే గోవిందు ఆమెను రిక్షాలో కూర్చోబెట్టి ఊరి చివరనున్న ఈ ఆస్పత్రికి తెచ్చాడు. ఆస్పత్రి వెనక వరండాలో, వాడకం లేక తాళం పడిన గదిలో, ఈ యంత్రం ఉంది. దాన్ని డాక్టర్ పరాంకుశం అనే ఆయన కంప్యూటర్లు ఇంకా కొత్తగా వస్తున్న రోజుల్లో తయారుచేశాడు. ఆయన పోయి చాలాకాలమైంది. ఒకరు నిద్రపోతే ఆ నిద్ర పక్కవారికి చేరడం, అదొక్కటే ఆ యంత్రం చేసే పని. పడుకున్నవాడు ఎంత అలసటతో పడుకున్నాడో అంత అలసటతోనూ లేస్తాడు. మేలుకుని ఉన్న మనిషికి కళ్లు తేటపడతాయి, చేతుల వణుకు తగ్గుతుంది, అన్నం రుచి తెలుస్తుంది.

అయితే అందరి నిద్రా అందరికీ పనికిరాదు. ఒకే ఇంట్లో ఏళ్ల తరబడి పక్కపక్కన పడుకున్నవాళ్ల నిద్ర అలలే ఒకదానితో ఒకటి కలుస్తాయి. అందుకని గోవిందు రోజూ మధ్యాహ్నం దర్జీ కొట్టు మూసి వచ్చి భార్య కోసం ఒక నిద్ర పోతాడు. ఇంటికెళ్లి బట్టలు కుట్టి, తన కోసం మరో కాస్త నిద్ర పోతాడు. ఆ రెండోది ఎప్పుడూ చాలదు. ఏడాదిగా ఆయన చేతులు వణుకుతున్నాయని, వారానికి రెండు రోజులు కూతురు హైమ వచ్చి పడుకుంటోంది. ఆ పిల్లకు పంతొమ్మిదేళ్లు, నర్సింగు చదువుతోంది.

సువార్త తీగలు విప్పుతుంటే గోవిందు కళ్లు తెరిచాడు. "అయిపోయిందాండి?"

"లేదు గోవిందుగారు. డిస్కులు పాడైపోయాయి. కొత్తవి రాయాలి."

"ఎన్నాళ్లు పడుద్దండి?"

"తొందరగానే చేస్తాను."

ఆయన మంచం అంచు పట్టుకుని మెల్లగా లేచి కూర్చున్నాడు. నలభై ఎనిమిదేళ్ల మనిషి. బయట వరండాలో ఆస్పత్రికి కొత్తగా వచ్చిన నర్సు ఆయన్ని చూసి నూకరత్నంతో, "మీ నాన్నగారిని ఇటు కూర్చోబెట్టండమ్మా," అంది.

*

డాక్టర్ కామాక్షి ఆ విభాగానికి పెద్ద. పెద్ద అంటే ఆమె, సువార్త, ఒక ఆయా తప్ప అందులో ఎవరూ లేరు. సువార్త చెప్పింది విని ఆమె కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"మామూలు కంప్యూటర్ పెట్టడానికి కుదరదు కదా?"

"మీకు గుర్తుంది కదండీ ఆ సంగతి."

ఇద్దరికీ గుర్తుంది. మూడేళ్ల కిందట కొత్త కంప్యూటర్ తగిలించి చూశారు. పాతదాని నడక నెమ్మది, ఆ నడక మీదే నిద్ర అలలు ఒకరి నుంచి ఒకరికి సాగుతాయి. కొత్తదాన్ని ఎంత నెమ్మదిగా నడవమన్నా మధ్యమధ్య తొందరపడింది. నూకరత్నానికి రెండు రోజులు మాట పడిపోయింది. ఆ తర్వాత ఎవరూ ఆ ఊసెత్తలేదు.

"అంటే ఆ పాత ఆపరేటింగ్ సిస్టమే కావాలి, ఆ పాత డిస్కుల మీదే కావాలి."

"అవునండి. సిస్టమ్ కాపీ ఒకటుంది. డేవిడ్‌గారు చేసి పెట్టారు." డేవిడ్‌గారు సువార్తకు ముందు అక్కడ పనిచేసిన ఇంజనీరు. యంత్రానికి చిన్న డిస్కులు చదివే కొత్త రకం డ్రైవు పెట్టాలని చూశాడు. అది అమరకముందే ఆయన గుండె ఆగి పోయాడు. "కానీ అది చిన్న గట్టి డిస్కు మీద ఉంది, చొక్కా జేబులో పట్టే రకం. దాన్ని ఈ పెద్ద డిస్కు మీదికి దించాలి. వెనక్కి వెళ్లాలన్నమాట."

"వెనక్కి వెళ్లడం కష్టమా?"

"ముందుకెళ్లడానికి అందరూ దారులు వేశారండీ. వెనక్కి ఎవరు వేస్తారు?"

కామాక్షి కళ్లు నులుముకుంది. "మొదటిసారి ఆవిడ మూడు నెలలు ఆగింది. ఇప్పుడు ఒంట్లో నిలవ ఏమీ లేదు. వారం అనుకో. పది రోజులైతే నా చేతుల్లో ఉండదు."

*

లాబ్‌లో ఉన్న ఒక నడికాలపు డ్రైవుతో సువార్త పని మొదలుపెట్టింది. అది పెద్ద డిస్కుల మీద రాస్తుంది గానీ సన్నగా రాస్తుంది. యంత్రంలోని డ్రైవు అంతకన్నా పాతది, వెడల్పు గీతలకు అలవాటు పడింది. కొత్త సన్నగీతకు రెండు పక్కలా పాత రాతల మరకలు మిగిలిపోతే వాటినీ కలిపి చదివేస్తుంది. సన్నపాళీతో రాసిన ఉత్తరాన్ని చత్వారం కళ్లు చదవబోయినట్టు అయింది. డిస్కు రాయడం, యంత్రంలో పెట్టడం, గరగర వినడం, తీయడం. రెండు రోజులు అలాగే గడిచాయి. మూడో రోజుకు ఆ చప్పుడు ఆమెకు అన్నం తినేటప్పుడు కూడా వినిపించింది.

ఆ రకం పాత డ్రైవే కావాలి. తనకు తెలిసిన చోట్లన్నీ ఫోన్ చేసింది. చివరికి సామర్లకోటలో మూతపడిన ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో, పూర్వం కంప్యూటర్ నేర్పిన పెట్టె ఒకటి ఉందని తెలిసింది. బస్సెక్కి వెళ్లింది. ఇన్‌స్టిట్యూట్ యజమానురాలు పేరిందేవి, డెబ్బై దాటిన మనిషి, గొళ్లెం తీసి లోపలికి తీసుకెళ్లింది. టైపు మిషన్ల వరస చివర, పువ్వులు కుట్టిన గుడ్డ కింద, పసుపుపచ్చగా మారిన కంప్యూటర్ ఉంది.

"ఇది మొదటిసారి తెచ్చినప్పుడు ఊరంతా చూడ్డానికొచ్చారమ్మా. చెప్పులు బయట విప్పి వచ్చేవారు," అందామె. "పట్టుకెళ్లు. నాకెందుకు? ఈ అట్టపెట్టెలో ఖాళీ డిస్కులున్నాయి, సీలు కూడా తియ్యలేదు."

"ఇది ఒక మనిషి ప్రాణం కోసమండి," అంది సువార్త, ఇంకేం చెప్పాలో తెలియక.

"అయితే గుడ్డ కూడా పట్టుకెళ్లు. దారిలో దుమ్ము పడకుండా ఉంటుంది."

*

తిరిగి వస్తూ సువార్త జగన్నాథపురంలో దిగి గోవిందు ఇంటికి వెళ్లింది. ముందు గది దర్జీ కొట్టు, వెనక రెండు గదులు. గోవిందు మిషను ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కించడానికి తంటాలు పడుతున్నాడు. దారం ఒకసారి ఇటు, ఒకసారి అటు పోతోంది. ఆమెను చూసి దారం పక్కన పెట్టాడు.

"రండి మేడంగారు. దొరికిందాండి?"

"దొరికింది. రేపోమాపో అయిపోతుంది. అక్క ఎలా ఉంది?"

ఆయన తల వెనక్కి తిప్పి లోపలికి చూపించాడు.

వంటగదిలో నూకరత్నం పొయ్యి ముందు నిలబడి ఉంది. పొయ్యి మీద అన్నం గిన్నె, గట్టు మీద వండిన అన్నంతో మరో గిన్నె, పక్కన ఇంకొకటి. ఆమె నాలుగోసారి బియ్యం కడుగుతోంది. సువార్తను చూసి పోల్చుకోవడానికి కొంతసేపు పట్టింది.

"గోడ దగ్గరకొచ్చేత్తందమ్మా," అంది మెల్లగా. "రెండడుగులేసిందప్పుడే. హైమకి చెప్తే నవ్వుద్దని చెప్పలేదు."

హైమ నవ్వే స్థితిలో లేదు. గుమ్మంలో పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కళ్ల కింద నలుపు, జడ సగం అల్లి వదిలేసింది. సువార్త పలకరిస్తే ఉలిక్కిపడింది.

"క్లాసులో పడిపోయానక్కా సోమవారం. మేడమ్ బయటికి పంపేసింది. వార్డు డ్యూటీలో ఇంజెక్షన్ ఒకరికి బదులు ఒకరికి చేసేదాన్ని, పక్కమ్మాయి చూసి ఆపింది." ఆ పిల్ల తల్లి వినకుండా గొంతు తగ్గించింది. "మూడ్రోజుల్నుంచీ నేను అమ్మకి ఇవ్వట్లేదు గదా. అయినా ఎంత పడుకున్నా తీరట్లేదక్కా. ఎందుకంటావు?"

"చదువు కదమ్మా. ఒత్తిడి," అంది సువార్త. తనకు తెలిసినంతలో నిజమే చెబుతున్నాననుకుంది.

*

టైపు ఇన్‌స్టిట్యూట్ డ్రైవు వెడల్పుగా రాసింది. గరగర తగ్గింది. కానీ ఇంకో చిక్కు వచ్చింది. చిన్న డిస్కులో ఉన్నదంతా పెద్ద డిస్కులో పట్టదు. ఆకారం పెద్దదే గానీ దాని కడుపు చిన్నది, సగమే పడుతుంది. యంత్రానికి ఉన్నది ఒకటే అర. మధ్యలో డిస్కు మార్చడం కుదరదు.

అందుకని సువార్త ఆపరేటింగ్ సిస్టమ్‌ను కోయడం మొదలుపెట్టింది. ప్రింటరుకు సంబంధించింది తీసేసింది. తేదీలు చూపించేది తీసేసింది. ఉత్తరాలు రాసుకునేది, లెక్కలు కట్టేది, అక్షరాలు రంగుల్లో చూపించేది అన్నీ తీసింది. ఒక్కోటి తీసి రాసి, యంత్రంలో పెట్టి, లేస్తుందో లేదో చూసింది. ఒకచోట తీయకూడనిది తీస్తే తెర నల్లగా ఉండిపోయింది. మళ్లీ పెట్టింది. సిస్టమ్ సగమైంది, దానిలో సగమైంది. నిద్ర నడిపించే ప్రోగ్రామ్ ముక్కలు మాత్రం డేవిడ్‌గారు ఎలా పెట్టారో అలాగే ఉంచింది, వాటి జోలికి పోయే ధైర్యం ఆమెకు లేదు. ఇంట్లో భర్త వండి డబ్బాలో పంపిన అన్నం రెండుపూటలూ అలాగే తిరిగి వెళ్లింది.

ఆరో రోజు పొద్దున తెర మీద పచ్చటి అక్షరాలు వచ్చాయి. ఒకదాని కింద ఒకటి, తీరిగ్గా, ఏమీ జరగనట్టు. సువార్త స్టూలు మీద కూర్చుండిపోయింది. సంతోషపడాలని తెలుసు గానీ దానికి కూడా ఓపిక లేదు.

ఆ మధ్యాహ్నం గోవిందు భార్యను దాదాపు మోసుకుని తెచ్చాడు. నూకరత్నానికి తానెక్కడుందో తెలియడం లేదు. తీగలు అంటించారు. గోవిందు కళ్లు మూశాడు. యంత్రం నెమ్మదిగా మూలగడం మొదలుపెట్టింది. కాసేపటికి నూకరత్నం బిగుసుకున్న దవడ వదులైంది. పిడికిళ్లు విచ్చుకున్నాయి. కామాక్షి సువార్త భుజం మీద చెయ్యి వేసింది.

అప్పుడు యంత్రం ఆగిపోయింది.

ఎప్పుడూ పట్టే సమయంలో మూడో వంతు కూడా కాలేదు. సువార్త గబగబా వైర్లు చూసింది, డిస్కు చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. తాను కోసినదాంట్లో ఏదో ముఖ్యమైనది పోయి ఉంటుందనుకుంది.

నూకరత్నం తల తిప్పి, "సువార్తమ్మా," అని పిలిచింది. పోల్చుకుంది, అంతవరకు నయం. పక్క మంచం మీద గోవిందు లేచి కూర్చున్నాడు. మంచం అంచు పట్టుకోకుండా లేచాడు. మెడ అటూ ఇటూ తిప్పి, అరచేతులు చూసుకున్నాడు.

"ఏంటోనండి," అన్నాడు. "తేలిగ్గా ఉంది. రోజూ ఇలా ఉండదు."

*

సువార్త ఆ సాయంత్రమంతా ప్రోగ్రామ్‌ను ఒక్కో వరస చదివింది. తాను తీసినవాటిలో తప్పేమీ లేదు. యంత్రం చెడి ఆగలేదు, ఆగమంటే ఆగింది. డేవిడ్‌గారు ఒక చిన్న ముక్క కొత్తగా చేర్చారు. నిద్ర ఇచ్చే మనిషి అలలను అది కనిపెట్టి చూస్తూ ఉంటుంది. అవి ఒక హద్దు దాటి పల్చబడితే తీసుకోవడం ఆపేస్తుంది. పాత డిస్కుల్లో దానికి చోటు చాలక, కొత్త రకం డ్రైవు వచ్చాక నడపాలని చిన్న డిస్కు మీద దాచిపెట్టినట్టుంది. డ్రైవు అమరలేదు, ఆయనా లేడు. ఇప్పుడు సువార్త సిస్టమ్‌ను కోసి చోటు చేసింది కాబట్టి మొట్టమొదటిసారి ఆ ముక్క నడిచింది.

మర్నాడు పొద్దున కామాక్షికి చెప్పింది.

"అంటే ఇన్నాళ్లూ హద్దు లేకుండా లాగింది."

"అవునండి. గోవిందుగారు ఆ పూట నిద్రే ఇస్తున్నారనుకున్నాం. అది అయిపోయాక ఇంకా లోపలికెళ్లి తీసుకుంది. అంత తేలిగ్గా పూడనిది."

"అలసట అనుకున్నాం మనం," అంది కామాక్షి. "నేను బలానికి టానిక్కులు రాసిచ్చాను." కిటికీలోంచి బయటికి చూసి, "ఆ పిల్ల కూడా ఏడాదిగా ఇస్తోంది," అంది.

"హద్దుతో నడిపితే అక్కకి ఎంత అందుతుంది?"

"నిన్న చూశావుగా, మూడో వంతు. అది బతకడానికి చాలదు, వెంటనే పోయేంత తక్కువా కాదు. ఏడాది, ఇంకా తక్కువో. అంతకన్నా చెప్పలేను."

*

ముగ్గురినీ వెనక వరండాలో కూర్చోబెట్టి కామాక్షి ఉన్నదున్నట్టు చెప్పింది. తెలియక జరిగిందని, అయినా తమదే బాధ్యతని చెప్పింది. నూకరత్నం అంతకు ముందురోజు అందిన కాస్త నిద్రతో మాటలు పోల్చుకోగలుగుతోంది. హైమ తండ్రి చేతుల వైపే చూస్తోంది. గోవిందు చివరిదాకా విని సువార్త వైపు తిరిగాడు.

"ఆ ముక్క తీసెయ్యడానికి ఎంతసేపు పడుద్దండి మేడంగారు?"

సువార్త అబద్ధం చెప్పలేకపోయింది. "ఎంతోసేపు పట్టదు."

"మరి తీసెయ్యండి. హైమ వద్దు, దాన్ని ఇంక రానివ్వను. నేనొక్కణ్ణే ఇత్తాను."

"అది నేను ఒప్పుకోలేను గోవిందుగారు," అంది కామాక్షి. "తెలిసీ చెయ్యలేను."

గోవిందు గొంతు పెంచలేదు. "తొమ్మిదేళ్లు తెలీకుండా తీసుకున్నారు గదండి. ఇప్పుడు తెలిసి ఇత్తానంటే వద్దంటారేంటి? నాది నేనిచ్చుకుంటాను. మీకేం పోద్ది?"

ఆయన అడిగింది సువార్తకు అన్యాయంగా తోచలేదు, అదే కష్టం. ఆ డిస్కును కోసి కోసి నిలబెట్టింది తాను. డిస్కులు పాడవకపోయుంటే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు, ఈ పని చేయకపోయుంటే నూకరత్నం ఇప్పటికి ఉండేదీ కాదు. ఎటు నుంచి చూసినా ఆమెకు అలసటే తప్ప దారి కనిపించలేదు.

నూకరత్నం కూతుర్ని పిలిచింది. "మంచినీళ్లు తెచ్చిపెట్టవే." హైమ లేచి వెళ్లాక భర్త వైపు తిరిగింది.

"మావా, ఆ నర్సు నిన్ను నా బాబువనుకుంది."

"అనుకోనీ."

"నేను నవ్వేశానారోజు. తెలీదు గదా." ఆమె ఆయన చెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకుంది. అది వణుకుతూనే ఉంది. "అన్నం పెట్టినోడు తన కంచంలోది తీసి పెట్టాడనుకున్నాను. ఒంట్లోది కోసి పెడతన్నాడని తెలిత్తే ఎవరు తింటారు?"

"నాకేం అవ్వలేదే. ఇలాగే ఇంకో తొమ్మిదేళ్లు..."

"అవ్వదు. నువ్వు పోతావు. ఆ తర్వాత నా పక్కనెవరు పడుకుంటారు? హైమ. నువ్వు రానివ్వనన్నా నువ్వు లేనప్పుడు అదే వత్తాది." ఆమె అలిసిపోయి ఊపిరి తీసుకుంది. "ఇచ్చేది నువ్వు. తీసుకునేది నేను. నేను తీసుకోను."

"రత్నం."

"హద్దుతో వచ్చినంతే తీసుకుంటాను. అది కాదంటే ఆ తీగలు నా తలకి పెట్టనివ్వను. నిద్రపోయే మనిషినైతే నిద్రలో పెట్టేత్తారు. నేను మేలుకునే ఉంటాను గదా."

హైమ నీళ్ల సీసాతో వచ్చేసరికి గోవిందు మొహం పక్కకి తిప్పుకుని ఉన్నాడు. ఆమె తల్లినీ తండ్రినీ చూసి, ఏం తేలిందని అడగకుండా, సీసా మూత తీసి తల్లి నోటికి అందించింది.

*

ఆ రోజు నుంచి యంత్రం రోజూ మధ్యాహ్నం కాసేపు నడిచి తనంతట తాను ఆగేది. సువార్త ఆ డిస్కుకు ఇంకో మూడు నకళ్లు రాసి, బియ్యం పోసిన డబ్బాలో తేమ తగలకుండా దాచింది. హైమ రావడం మానేసింది. ఆమెకు తేరుకోవడానికి వేసవి అంతా పట్టింది. పరీక్షలు ఒకసారి తప్పి, రెండోసారి రాసి గట్టెక్కింది.

నూకరత్నం మెల్లమెల్లగా తరిగిపోయింది. ముందు మిషను దగ్గర కాజాలు కుట్టడం మానేసింది. తర్వాత వంట. మాటల మధ్యలో ఆగిపోయి, ఏం చెప్పబోయిందో వెతుక్కునేది. కొన్ని రోజులు గోడలు దగ్గరకొచ్చేవి, కొన్ని రోజులు వచ్చేవి కావు. బాగున్న రోజుల్లో ఆస్పత్రిలో యంత్రం ఆగాక కూడా వెంటనే లేచేది కాదు.

"లేపకమ్మా," అనేది సువార్తతో, పక్క మంచం చూపిస్తూ. "యంత్రం ఆగిపోయింది. ఇప్పుడు పోయే నిద్ర ఆయనదే."

గోవిందు నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతుండేవాడు. ఆమె మోచేతి మీద ఒరిగి ఆయన్నే చూస్తూ ఉండేది. ఆయా గది ఊడ్చుకుని వెళ్లిపోయేది, ఎండ కిటికీ మీంచి దిగిపోయేది. ఆమె చూస్తూనే ఉండేది. తొమ్మిదేళ్లుగా పక్కన పడుకున్న మనిషి తనివితీరా నిద్రపోతే ఎలా ఉంటాడో ఇప్పుడే చూస్తున్నానని ఒకసారి అంది.

కార్తీక మాసం చివర్లో, ఇంట్లోనే, పొద్దున కాఫీ గ్లాసు చేతిలో ఉండగా ఆమె పోయింది. కళ్లు తెరుచుకునే ఉన్నాయి. గోవిందు వాటిని మూసి, చాలాసేపు చెయ్యి అలాగే ఉంచాడని హైమ చెప్పింది.

పెద్దకర్మ అయ్యాక సువార్త ఒక రోజు జగన్నాథపురం వెళ్లింది. కొట్టు తెరిచి ఉంది. గోవిందు మిషను ముందు కూర్చుని ఎవరి పిల్లదో స్కూలు గౌను కుడుతున్నాడు. మొహంలో కాస్త రంగు వచ్చింది. చేతుల వణుకు పూర్తిగా పోలేదు గానీ తగ్గింది. స్టూలు దుమ్ము దులిపి ఆమె ముందుకు జరిపాడు.

"కొత్తగా ఇంకెవరైనా వత్తన్నారాండి, ఆ గదికి?"

"తుని నుంచి ఒక అన్న, చెల్లెలు వచ్చారు. అన్నకి నిద్ర లేదు. హద్దు సంగతి ముందే చెప్పాం."

"చెప్పాలండి. అదే మంచిది." గౌను చేతుల దగ్గర గుడ్డ మడత సరిచేశాడు. "మొన్న పొద్దున పడుకున్నానండి. ఊరికే నడుం వాల్చాననుకున్నాను. సాయంత్రం దాకా లేవలేదంట. హైమ భయపడి రెండుసార్లు ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసిందంట."

"మంచిదే కదండి. మీకు కావాలి."

"లేచేసరికి ఒంట్లో ఎక్కడా బరువు లేదండి. కళ్లు మండట్లేదు. కాళ్లు నావి కానట్టు తేలిగ్గా ఉన్నాయి. పెళ్లయిన కొత్తల్లో ఎప్పుడో ఉండేది అలాగ." ఆయన గుడ్డ మీద నుంచి తలెత్తలేదు. "ఇంత నిద్ర మిగిలిపోయిందే అనుకుని, పక్కకి తిరిగి చెయ్యేశానండి. దానికిచ్చేద్దామని."

హైమ లోపల్నుంచి టీ తెచ్చి ఇద్దరికీ ఇచ్చింది. గోవిందు తన గ్లాసు కిటికీలో పెట్టి, గౌను సూది కిందికి జరిపి, మిషను తొక్కడం మొదలుపెట్టాడు.